బెత్తెడు దూరం

మార్చి పదకొండున పొద్దున్న మా అమ్మాయి తిన్నది రెండు గుడ్ల తెల్లసొన, సగం ఆపిల్. మిగతా సగం నేను తింటూ ఉండగా వాళ్ల మేనమామకు ఫోన్ వచ్చింది. ఛాంపియన్‌తో తలపడవలసిన అమ్మాయి చెయ్యి విరిగిందట. పన్నెండు రోజుల్లో ఆమె బదులు మా పిచ్చుక రింగులోకి దిగుతుందా అని అడిగారు. సాయంత్రం ఆరింటికల్లా జవాబు చెప్పాలి.

పిచ్చుక అన్న ముద్దుపేరు మేనమామ పెట్టిందే. బాక్సింగ్ నేర్పేదీ అతనే. నా పని అరచేతులకు ప్యాడ్లు తొడుక్కుని ఆమె గుద్దులు కాచుకోవడం. ఆడిన పదకొండు పోటీలూ గెలిచింది.

"కూతురు టీవీలో కనపడబోతుంటే ఆ మొహం ఏంటి బావా?" అన్నాడు.

"ఆ ఛాంపియన్ పాత పోటీ వీడియో ఒకటి పెట్టు, చూద్దాం."

అతను ఛాంపియన్ చేతులు చూశాడు. నేను కాళ్లు చూశాను. ఆమె ఎవరి మీదికీ రాదు. అరడుగు వెనక్కి జరుగుతుంది, ఎదుటివాళ్ల గుద్దు గాలిలో తేలిపోగానే కొడుతుంది. నా ప్యాడ్లు గుర్తొచ్చాయి.

నాలుగేళ్ల కిందట నా భార్య చనిపోయినప్పుడు పిల్ల తిండి మానేసింది. గుద్దులు చప్పగా తగిలేవి. ఒకరోజు నేనే ప్యాడ్‌ను బెత్తెడు ముందుకు తెచ్చి పిడికిలికి ఎదురిచ్చాను. టప్పున మోగింది. పిల్ల నవ్వింది. ఆ పూట కడుపునిండా తిన్నది. అప్పట్నుంచీ అలాగే ఎదురిస్తున్నాను. ఆమె చెయ్యి ఆ బెత్తెడు తక్కువ దూరానికే అలవాటు పడింది. ఇన్నాళ్లూ ఎదురుపడినవాళ్లంతా మీదికి దూకేవాళ్లే కనక అది బయటపడలేదు.

నాలుగున్నరకు జిమ్‌లో ప్యాడ్లు తొడుక్కున్నాను. ఈసారి చేతులు కదపలేదు.

మొదటి గుద్దు ప్యాడ్ తోలును గీరుకుపోయింది. రెండోది అందనే లేదు. ముందుకు తూలింది.

"నిద్రపోతున్నావా నాన్నా? సరిగ్గా పట్టుకో."

"ఇవాళే సరిగ్గా పట్టుకున్నానమ్మా."

అంతా చెప్పాను.

"నాలుగేళ్లు నా కళ్లెదుటే పరీక్షలో కాపీ అందించావు బావా," అన్నాడు మేనమామ. తిట్టినా బాగుండేది.

"మళ్లీ పట్టు," అంది పిల్ల.

పట్టాను. కొట్టింది. అందలేదు. మళ్లీ కొట్టింది. అడుగు ముందుకేస్తే చెయ్యి ఆలస్యమవుతోంది, చెయ్యి ముందు లేస్తే అడుగు పడటం లేదు. గడియారంలో అయిదూ నలభై.

"పన్నెండు రోజుల్లో సరిచేసుకుంటా మావయ్యా."

"నాలుగేళ్ల అలవాటు తల్లీ. పోదు."

"కాదంటే మళ్లీ పిలుస్తారా?"

"పిలవకపోవచ్చు."

ఆమె నా వైపు తిరిగింది. "వెళ్తే ఏమవుతుందో నువ్వు చెప్పు."

"పది రౌండ్లు ఆమె నిన్ను కొడుతుంది. నువ్వు గాలిని కొడతావు."

గ్లౌజులున్న చేతులు చాపింది. నేనే తాళ్లు విప్పాను. విప్పనిచ్చింది, అదే చాలనుకున్నాను. ఫోన్ తనే చేసింది. నా పేరు ఎత్తుతుందనుకున్నాను.

"నేనింకా సిద్ధంగా లేనండి," అని పెట్టేసింది.

ఇంటికొచ్చాక నేను పెట్టింది సగం తిని లేచింది. తన గది గుమ్మంలో ఆగింది.

"రేపట్నుంచి ప్యాడ్లు మావయ్య పట్టుకుంటాడు నాన్నా."

"అలాగేనమ్మా."

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకుంది.