ఆరడుగుల ఎత్తున గడియ

మూడో తలుపు రెక్కను రెండు బల్లల మీద అడ్డంగా పడుకోబెట్టి, వడ్రంగి మేస్త్రీ పెన్సిలు గీత వెంట రంపం నడిపిస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చెవి మీద పెన్సిలు, దారంతో కట్టుకున్న కళ్ళజోడు, కనుబొమల నిండా రంపపు పొట్టు. ఎడమ చూపుడువేలి గోరును ఎప్పుడో ఉలికి అప్పగించేశాడు. పని మొదలుపెడితే పలకరించినా పలకడు, పని ఆపితే మాత్రం నోరు ఆపడు.

యువజన సంఘం భవనంలో ఆరు గదులు, ఆరు తలుపులు. ప్రతి తలుపుకీ ముఖం ఎత్తులో, లోపలికి కనిపించేలా అద్దం బిగించాలి, లోపలి గడియ ఊడదీయాలి. అన్నీ ఇవాళే అయిపోవాలని సెక్రటరీ పట్టుబట్టాడు. ఎందుకంటే, పిల్లలకి ఆటలూ పాటలూ నేర్పడానికి వచ్చే పెద్దవాళ్ళందరికీ పక్కనున్న పెద్ద హాల్లో ఇవాళ శిక్షణ జరుగుతోంది. పిల్లలకి హాని జరగకుండా ఎలా చూసుకోవాలో చెప్పడానికి ఎక్కడి నుంచో ఒక మేడమ్ వచ్చింది. 'దానికి కూడా శిక్షణేమిటండీ, అది ఒంట్లో ఉండాలి గానీ' అని మేస్త్రీ పొద్దున సెక్రటరీ దగ్గర నవ్వాడు. పాపం, నవ్వడానికి అతనికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

ఇవాళ పని తొందరగా ముగించాలి. కూతురికి పై ఊరి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆరింటి బస్సు. నాలుగింటికల్లా వచ్చేస్తాను, నీ పెట్టె నేనే మోస్తాను అని మాటిచ్చి వచ్చాడు. తల్లి పోయేనాటికి దానికి ఎనిమిదేళ్ళు. అప్పటినుంచీ ఇంట్లో ఇద్దరే. పనికెళ్తే పిల్ల ఒంటరిదైపోతుందని తొమ్మిదో ఏట ఈ భవనంలోనే పాటల క్లాసులో చేర్పించాడు. పాట సంగతి దేవుడెరుగు, సాయంత్రం దాకా ఒకరి కళ్ళ ముందు ఉంటుందని.

హాలు తలుపు తెరిచే ఉండటంతో మేడమ్ మాటలు రంపపు చప్పుడు మధ్య తెగి తెగి వినిపిస్తున్నాయి. మూసిన గదిలో ఒక్క బిడ్డతో ఒంటరిగా ఉండొద్దట. ఎవరికీ చెప్పనని బిడ్డకి మాటివ్వొద్దట. బిడ్డ ఏదైనా చెబితే తవ్వి తవ్వి అడగొద్దట. ఆ బిడ్డ మాటల్లోనే రాసి, ఆ రోజే పైకి చేర్చాలట. మంచి మాటలే, అనుకుని మేస్త్రీ అద్దం చుట్టూ సన్నటి చెక్క బద్దీలు కొట్టుకుంటూ పోయాడు.

భోజనాల వేళ పాటల మాస్టారు అటుగా వచ్చాడు. జుట్టు తెల్లబడింది గానీ గొంతు ఇంకా మెత్తగానే ఉంది. ముందు వరసలో కూర్చుని పొద్దుటినుంచీ ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సు రాసుకుంటున్నాడు.

"ఏం మేస్త్రీ, అమ్మాయి ప్రయాణం ఇవాళేనటగా?"

"అవునండీ, మీ దయ."

ఎప్పుడు కనిపించినా కూతురి గురించి అడుగుతాడు. ఇన్నేళ్ళుగా ఆ మాటకే మేస్త్రీ పొంగిపోతూ వచ్చాడు.

"నా గదికి అద్దం వద్దులే. పాటకి తలుపు దిట్టంగా ఉండాలి, నీకు తెలియనిదేముంది. సెక్రటరీతో నేను చెబుతాను."

"సరేనండీ, గడియ ఒక్కటీ తీసేస్తాను మరి."

మాస్టారు ఒక్క క్షణం ఆగి, తల ఊపి వెళ్ళిపోయాడు.

రెండు గంటలకి మేస్త్రీ పాటల గదిలోకి వెళ్ళి గడియ కోసం అలవాటుగా ఛాతీ ఎత్తున చూశాడు. అక్కడ లేదు. తలెత్తి చూశాడు. నల్లబడిన ఇత్తడి గడియ, నాలుగు స్క్రూలు, నాలుగింటి తలల మీదా గాడి నిలువుగా. స్క్రూ బిగించాక గాడిని నిలువుగా నిలబెట్టడం ఈ చుట్టుపక్కల అతనొక్కడి అలవాటే. అది తన చేతి పనే. ఇరవై ఏళ్ళ నాడు, స్టూలు ఎక్కి బిగించాడు. 'ఇంత పైనెందుకండీ' అని అడిగాడు కూడా. 'పిల్లలకి అందితే ఆడుకుంటూ లోపల వేసేసుకుంటారు మేస్త్రీ' అన్నాడు మాస్టారు. ఎంత ముందుచూపున్న మనిషి అని పదిమందికి చెప్పుకున్నాడు.

హాల్లోంచి మేడమ్ గొంతు వచ్చింది.

"గదిలో అందరికంటే చిన్న బిడ్డ ఎవరో చూడండి. ఆ బిడ్డ తనంతట తాను తలుపు తీసుకుని బయటికి రాగలదా? ముందు అది చూసుకోండి."

మేస్త్రీ చెయ్యి టేపు మీదికి పోయింది. కొలవకుండా ఉండలేని మనిషి. నేల నుంచి గడియకి ఆరడుగులు. తొమ్మిదేళ్ళ పిల్లకి చెయ్యెత్తితే ఎంత అందుతుందో అతనికి కంఠతా వచ్చు. కూతురు అందుకోవాలని గోడ బీరువాలో పై అర సరిగ్గా ఐదడుగులకి పెట్టాడు. ఒక అడుగు తక్కువ.

"ఇష్టంగా వెళ్ళే పిల్ల ఉన్నట్టుండి వెళ్ళనంటే, తలుపులంటే, గడియలంటే బెదిరితే, అది పెంకితనం అని కొట్టిపారేయకండి."

మేస్త్రీ నాలుగు స్క్రూలూ విప్పి గడియ ఊడదీశాడు. పది నెలలు బుద్ధిగా వెళ్ళిన పిల్ల ఒక రోజు వెళ్ళనంది. నెత్తీ నోరూ బాదుకున్నా కదల్లేదు. రెండు తగిలించి, చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చి, ఈ గదిలోనే మాస్టారికి అప్పగించి వెళ్ళాడు. ఆ తర్వాత ఇంకో ఏడాది పంపాడు. ఆ నెలలోనే పిల్ల చిన్న స్క్రూడ్రైవరుతో ఇంట్లో స్నానాలగది గడియ ఊడదీసేసింది. ఎక్కడ పడేసిందో ఎంత వెతికినా దొరకలేదు. 'నా కూతురు నా పనే నేర్చేసుకుందిరా' అని వీధంతా చెప్పి నవ్వించాడు. గడియ లేని వడ్రంగి ఇల్లు అని వీధి ఇరవై ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది. ఒరే వెధవా, అని తనను తాను తిట్టుకున్నాడు. అదొక్కటే నోటికొచ్చింది.

ఐదింటికి పాటల క్లాసు ఉంది. గోడ మీద పిల్లల పేర్ల జాబితా. పన్నెండు మంది. అందులో చిన్నదానికి ఏడేళ్ళు.

నాలుగింటికి శిక్షణ ముగిసింది. ఇప్పుడు బయల్దేరితే పెట్టె మోయొచ్చు. మేస్త్రీ ఊడదీసిన గడియ గుప్పిట్లో పెట్టుకుని, ఇంటివైపు కాకుండా హాలువైపు నడిచాడు. ఎవరూ లేని మూల చూసి మేడమ్ ముందు నిలబడ్డాడు. గుప్పిట విప్పి చూపించాడు.

"దీన్ని నేనే బిగించానండీ. ఆరడుగుల ఎత్తున. బిగించమని పాటల మాస్టారు చెప్పాడు. మా అమ్మాయి ఆ గదిలోనే..."

మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"మీ అమ్మాయి సంగతి మీ అమ్మాయే చెప్పుకోవాలండీ, చెప్పాలనుకుంటే. మీరు చూసింది, మీరు చేసింది చెప్పండి. నేను రాస్తాను."

మేడమ్ పిలిపిస్తే వచ్చిన సెక్రటరీకి ముఖం పాలిపోయింది. "ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడున్న మనిషి మేడమ్. ఒక గడియ పట్టుకుని ఇంత మాట ఎలా అంటాం?"

"నేనేమీ అనట్లేదండీ. తేల్చేవాళ్ళు వేరే ఉన్నారు. ఇవాళ తెలిసింది ఇవాళే వాళ్ళకి చేరాలి. అందాకా ఆయన్ని పిల్లల దగ్గరికి పంపకూడదు. పొద్దుటినుంచీ నేను చెప్పింది ఇదే కదా."

అడిగినదానికల్లా మేస్త్రీ చెప్పాడు. ఏ సంవత్సరం, ఎంత ఎత్తు, ఎవరు ఏమన్నారు. కింద సంతకం పెట్టేటప్పుడు తన పేరు తనకే కొత్తగా కనిపించింది. బయట వరండాలో మాస్టారు సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రీ చేతిలో గడియను చూశాడు. ఈసారి అమ్మాయి గురించి అడగలేదు. ఐదింటికి వచ్చిన పిల్లల్ని సెక్రటరీ గేటు దగ్గరే ఇళ్ళకి పంపించేశాడు.

మేస్త్రీ బస్టాండుకి పరిగెత్తేసరికి ఆరు కావడానికి మూడు నిమిషాలు. కూతురు కిటికీ పక్కన కూర్చుని ఉంది. పెట్టె ఎవరో పైకెక్కించారు.

"మాటిచ్చి రాలేదేం నాన్నా?"

అతను కిటికీ ఊచ పట్టుకున్నాడు. రొప్పు ఆగడం లేదు.

"అమ్మడూ, ఆ పాటల గది గడియ నేనే బిగించానే."

కూతురు ముఖంలో ఏమీ మారలేదు. ఇరవై ఏళ్ళ నాడే మారవలసిందంతా మారిపోయినట్టుంది.

"తెలుసు. 'మీ నాన్నే బిగించాడు, ఆయనకి తెలియకుండానా' అనేవాడు. నీకు తెలుసనుకున్నాను నాన్నా."

మేస్త్రీ ఏడ్చాడు. బస్టాండు మధ్యలో, పదిమంది చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తెలియదే తల్లీ, అన్నాడు. ఆ మాటతో ఎవరికీ ఏమీ ఒరగదని అంటూనే అర్థమైంది.

"ఇవాళ చెప్పానమ్మా. రాసిచ్చాను. సంతకం పెట్టాను."

కూతురు అప్పుడు ముందుకు వంగింది. "ఐదింటి క్లాసు?"

"ఆపేశారు. ఎవర్నీ లోపలికి పంపలేదు."

ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి, అతని కనుబొమల మీది పొట్టు వేళ్ళతో దులిపింది. డ్రైవరు ఎక్కాడు, బస్సు కదిలింది. మేస్త్రీ దాని పక్కన నాలుగడుగులు నడిచి ఆగిపోయాడు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. గదిలో ఆమె మంచం, దుప్పటి మడిచి ఉంది. గోడ బీరువా తెరిచే ఉంది, అరలన్నీ ఖాళీ. ఐదడుగుల ఎత్తున పెట్టిన పై అరలో మాత్రం ఒక పాత నోట్‌బుక్కు కాగితం పరిచి, దాని మీద స్నానాలగది గడియ, పక్కనే నాలుగు స్క్రూలు ఒక వరసలో పేర్చి ఉన్నాయి.