రంగు కింద ఎర్త్

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. షెడ్డులో మోకాలికి కట్టుతో నాన్న, వంటింట్లో అత్త, వెనకగదిలో బట్టలు సర్దుకుంటున్న అన్నయ్య, ఏ గుమ్మంలో నిలబడాలో తోచని చిన్నది. అమ్మ పోయాక ఆ ఇంట్లో సర్దిచెప్పేవాళ్లు లేరు.

గొడవంతా తాత కాలం నాటి కారు గురించి. దానికి అన్నయ్య కొత్త వైరింగు వేశాడు, నాన్న కొత్త రంగు వేశాడు. తీరా రోడ్డెక్కితే హెడ్‌లైట్లు మిణుకుమిణుకుమన్నాయి. మలుపు కనబడక నాన్న కారును గోడకు గుద్దాడు.

"నీ పని తగలెయ్య! నన్ను చంపడానికే వేశావురా ఆ వైర్లు. నా ఇంట్లో ఉండకు" అన్నాడు అన్నయ్యతో.

"నిజంగా నీదే తప్పా అన్నయ్యా?" అని చిన్నది వెనకగది గుమ్మంలో గొణిగింది.

"నాదేనేమోనే. ఇక జన్మలో స్క్రూడ్రైవర్ ముట్టను."

వంటింట్లో అత్త నాన్న టీ గ్లాసు చిన్నదానికి అందించింది. "చల్లారాక ఇవ్వు. మీ నాన్న అసలే భగ్గున మండుతున్నాడు."

షెడ్డులో నాన్న కుర్చీలో కునుకు తీస్తున్నాడు. చిన్నది గ్లాసు పక్కన పెట్టి, లైట్ల స్విచ్ వేసి, అన్నయ్య మీటరు అందుకుంది. బ్యాటరీ దగ్గర పన్నెండు ఓల్టులు. దీపం దగ్గర, మీటరు రెండో తీగను కారు బాడీకి ఆనిస్తే ఎనిమిదే. అదే తీగను బ్యాటరీ నెగటివ్‌కు ఆనిస్తే మళ్లీ పన్నెండు! అంటే అన్నయ్య వైర్లలో లోపం లేదు. కరెంటు బాడీ గుండా తిరిగొచ్చే దారిలోనే ఏదో అడ్డుంది.

బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపే ఎర్త్ తీగ బోల్టు విప్పింది. కింద దళసరిగా నల్లరంగు. నాన్న ఆ కాస్త చోటు కూడా వదలకుండా మెరిపించి, దానిమీదే తీగ బిగించాడు. గరుకు కాగితంతో ఇనుము తేలేదాకా రుద్ది, మళ్లీ బిగించింది. ఎదుటి గోడ మీద ఒక్కసారిగా తెల్లటి వెలుగు పడింది.

నాన్న కళ్లు తెరిచాడు.

"నాన్నా, వైరింగు బాగానే ఉంది. ఇక్కడ రంగు అడ్డొచ్చింది, అంతే. అన్నయ్యని పిలవనా?"

నాన్న కుంటుతూ వచ్చి ఆ బోల్టు వైపు చాలాసేపు చూశాడు. లైట్లు ఆర్పాడు. తీగ విప్పి, రంగు డబ్బా మూత తీసి, తేలిన ఇనుము మీద కుంచె ఆడించాడు.

"వాడి బస్సుకు వేళైంది. వెళ్లనీ."

"నాన్నా, అన్నయ్య తనదే తప్పనుకుంటున్నాడు..."

"పెద్ద మెకానిక్కువి బయల్దేరావే! నోరు మెదిపావంటే నువ్వూ వాడి వెంటే."

భుజం పట్టి గుమ్మం దాటించి, షెడ్డు తలుపు మూసేశాడు.