నేను లేని సంవత్సరం

పునుగుల రెండో వాయి నూనెలో వేస్తుండగా హాల్లోంచి మా మరిది రఘు గొంతు వినబడింది.

"ఇది ఫ్రీ కంట్రీ అండీ. నేనేం కొనుక్కోవాలో గవర్నమెంట్ చెప్తుందా? ఇవాళ హెల్త్ ఇన్సూరెన్స్ కొనకపోతే పెనాల్టీ అంటారు. రేపు బెండకాయలు ఒంటికి మంచివి, కొనకపోతే పెనాల్టీ అంటారు."

"నీకు కంపెనీ ఇస్తోంది గనక కబుర్లు," అంది నా తోటికోడలు త్రివేణి. "లేనివాళ్ళు ఎమర్జెన్సీకి వెళ్తే ఆ బిల్లు మన నెత్తినే పడుతుంది. అందరూ కొనాల్సిందే."

"కార్‌కి కొంటున్నాంగా గురూ," అన్నాడు వాళ్ళ స్నేహితుడు రాధాకృష్ణ.

"కార్ వద్దనుకుంటే అమ్మేసి నడిచిపోతాను. దీన్లో ఆ చాయిస్ ఏదీ?"

"ఎందుకు లేదూ? చచ్చిపోవచ్చు!" అన్నాడు రాధాకృష్ణ.

అందరూ నవ్వారు. పళ్ళెం తీసుకెళ్ళి మధ్యలో పెట్టాను. కొనాలన్న చేతులూ, వద్దన్న చేతులూ ఒకేసారి పునుగుల మీదికొచ్చాయి. ఆ హాల్లో ఇన్సూరెన్స్ లేనిది నాకొక్కదానికే. ఆ సంగతి ఏ పక్షానికీ గుర్తు రాలేదు.

తమ్ముడు రఘు వేసిన గ్రీన్‌కార్డు కాగితాల మీద మా ఆయన శేషగిరీ నేనూ అమెరికాలో ఈ మోరిస్‌విల్ ఊరికి వచ్చింది 2011లో. వచ్చిన ఏడాదికి ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది. "ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు చూసి పోతాం, గ్యాసేలే," అన్నాడాయన. నేను అల్లం రసం తీసి ఇచ్చాను. తాగి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ తరవాత ఈ ఇంట్లో నా పని నాకు ఏర్పడిపోయింది. పొద్దున్నే రఘు పిల్లలిద్దరి లంచ్ బాక్సులు, రఘూ త్రివేణిల డబ్బాలు, బట్టలు, శని ఆదివారాల్లో వచ్చేవాళ్ళకి వంట. "వదిన ఉండబట్టి మా ఇల్లు నడుస్తోంది," అని రఘు అందరితో అంటాడు. అబద్ధం కాదు. కానీ వాళ్ళ కంపెనీ ఇన్సూరెన్స్‌లో భార్యాపిల్లలే వస్తారు. ఇల్లు నడిపే వదినలు రారు.

నాకు యాభై నాలుగు. ముట్టు ఆగిపోయి ఆరేళ్ళయింది. ఆ ఏడు, 2014 వేసవిలో మళ్ళీ రక్తం కనబడింది. మొదట వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాను. పాత చీర చింపి వాడుకుని, నా గుడ్డలు విడిగా ఉతుక్కున్నాను. ఆ పునుగుల రోజు, వచ్చినవాళ్ళలో ఉన్న డాక్టర్ జ్ఞానప్రసూన గారు మంచినీళ్ళకి వంటింట్లోకొస్తే, పొయ్యి వైపు తిరిగే చెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగు నెలలండీ."

"వసంతలక్ష్మి గారూ, ఇది వాయిదా వేసేది కాదు. గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఏమీ లేకపోవచ్చు. ఉంటే మాత్రం ప్రతి రోజూ లెక్కే."

మర్నాడు త్రివేణితో చెప్పాను. తను కంగారు పడింది, నిజంగానే పడింది. రఘుతో చెప్పింది. రఘు నెమ్మదిగా, మర్యాదగానే అన్నాడు. "డిసెంబర్‌లో ఎలాగూ ఇండియా వెళ్తున్నాం కదా వదినా. విజయవాడలో ఒక్కరోజులో అన్నీ చేసేస్తారు." ఇక్కడ మనవాళ్ళందరూ అంతే. పంటి నొప్పి నుంచి కళ్ళజోడు దాకా ఇండియా ట్రిప్పుకి దాచుకుంటారు. నేనూ నా రక్తాన్ని దాచుకున్నాను. డిసెంబర్‌లో త్రివేణికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని వచ్చింది, ట్రిప్పు వేసవికి మారింది. నన్నొక్కదాన్నీ పంపుదామా అన్న మాట వచ్చింది గానీ, "మరి పిల్లలు?" అన్న మాట దాని వెనకే వచ్చింది.

మార్చి ఆఖర్లో రఘు ఒక కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు.

"చిన్న సంతకం వదినా. మా ట్యాక్స్‌లో నిన్ను మా మీద ఆధారపడ్డ డిపెండెంట్‌గా చూపిస్తున్నాం కదా, నీకు ఇన్సూరెన్స్ లేదని నా మీద పెనాల్టీ పడుతోంది. ఏడాదంతా వేరే దేశంలో ఉన్నవాళ్ళకి అక్కర్లేదట. మన ట్యాక్సులు చేసే వెంకటస్వామి గారు లెటర్ ఒకటుంటే చాలన్నారు."

చదివాను. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నదాన్ని, ఇంగ్లీషైతే రెండేళ్ళుగా పక్క ఊరు కేరీ లైబ్రరీలో నేర్చుకుంటున్నాను. నెమ్మదిగా చదువుతాను, ఒక్క మాటా వదలను. 2014 మొత్తం నేను ఇండియాలో ఉన్నానట. మరి ఆ లంచ్ బాక్సులు ఎవరు కట్టారు? చిన్నదానికి జ్వరమొస్తే పక్కన కూచున్నదెవరు? ఆ పునుగులు వేసిందెవరు?

అంతకు నాలుగు రోజుల ముందే లైబ్రరీలో ఫారాలు నింపిపెట్టే ఆవిడ నాకొక సంగతి చెప్పింది. పెనాల్టీ పడిందని ట్యాక్స్ వేసేటప్పుడే తెలిసినవాళ్ళకి, కొత్తగా ఇన్సూరెన్స్ తీసుకోవడానికి ఏప్రిల్ ఆఖరుదాకా గడువిచ్చారట. వచ్చే ఏడు నా ట్యాక్స్ కాగితం నేనే వేసుకుంటే ఖర్చులో చాలా భాగం గవర్నమెంటే భరిస్తుందట. అంటే రఘు పెనాల్టీ కడితేనే నాకు ఆ తలుపు తెరుచుకుంటుంది. నేను ఇండియాలో ఉన్నానంటే మూసుకుపోతుంది.

"నేను సంతకం పెట్టను రఘూ."

"అదేంటి వదినా? ఇది ప్రిన్సిపుల్‌కి సంబంధించింది. బలవంతంగా..."

"పెనాల్టీ కట్టు. వచ్చే ఏడు నా పేరు మీ కాగితంలో ఉండదు. రేపు బస్సెక్కి లైబ్రరీకి వెళ్తున్నాను."

ఆ క్షణంలో కూడా లోపల రక్తం పోతూనే ఉంది. నేను ఆలస్యం చేశానో లేదో నాకింకా తెలీదు. కాగితం అతని వైపు జరిపాను.

అందరూ కొనాల్సిందే అని వాదించే త్రివేణి మెట్ల దగ్గర నిలబడి మెల్లిగా అడిగింది.

"మరి రేపు పిల్లల బాక్సుల సంగతేంటి అక్కా?"

"రేపటికి నేను ఇండియాలో ఉన్నాననుకో త్రివేణీ."