పదకొండు గంటల నీళ్లు

ఎమ్మిగనూరులో సుధారాణి వాళ్ల వీధికి కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలిసేది కాదు. వచ్చినప్పుడు ఎవరో ఒకరు వీధి వాట్సాప్ గ్రూపులో "నీళ్లొచ్చినాయి" అని పెట్టేవారు. మగ్గం గుంటల్లో కూర్చుని నేస్తున్నవాళ్లు కూడా లేచి బిందెల కోసం పరుగెత్తేవారు.

సుధారాణి ఆదోనిలో ఎం.సి.ఏ. చదువుతోంది. ప్రాజెక్టు కోసం ఒక ప్రోగ్రాం రాసింది. అంకెలిస్తే చాలు, వాటికి ఏ గ్రాఫు నప్పుతుందో అదే ఎంచుకుని గీస్తుంది. ఆదివారం పొద్దున ఆ గ్రూపులోని నీళ్ల మెసేజీల వేళలన్నీ దానికి అందించింది. తెర మీద రంగురంగుల గుండ్రటి బొమ్మ వచ్చింది.

పక్కింటి తాయమ్మ తొంగి చూసింది. "ఇదేందిమే, బచ్చాన్ని ముక్కలు కోసినట్లుండాది! దీంట్లో నీళ్లు యాడుండాయి?"

సుధారాణికి నవ్వాగలేదు. కోసిన బొబ్బట్టులా బొమ్మ అందంగానే ఉంది గానీ బిందె ఎప్పుడు పెట్టాలో చెప్పడం లేదు. చూసేవాళ్లు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో తను ప్రోగ్రాముకు చెప్పనే లేదని అప్పుడు తట్టింది. అన్నం కూడా మరిచిపోయి కూర్చుని, అడిగినదానికి జవాబు త్వరగా కనబడే గ్రాఫుకే ఎక్కువ మార్కులు పడేలా దాన్ని మార్చింది. తర్వాత "నీళ్లు ఎప్పుడొస్తాయి?" అని టైపు చేసింది.

ప్రోగ్రాం పూనకమొచ్చినట్టు గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. కడ్డీలు, గీతలు, చుక్కలు. చివరికి గళ్ల బొమ్మ దగ్గర ఆగింది. నిలువునా తేదీలు, అడ్డంగా గంటలు, నీళ్లొచ్చిన చోట నీలి గడి. ఆ నీలి గళ్లు మెట్లలా ఏటవాలుగా దిగుతున్నాయి.

"అత్తా!" అని పక్కింటికి కేకేసి తాయమ్మను పిలిచింది సుధారాణి. "దినం మార్చి దినం వస్తాండాయి. వచ్చినప్పుడంతా రెండు గంటలు ఆలస్యం! సాయంత్రం దాటితే మళ్లీ పొద్దున్నుంచి మొదలు. రేపు పదకొండుకి వస్తాయి సూడు!"

"నీ పెండ్లెప్పుడో కూడా సెప్తాదేమో అడుగు" అంది తాయమ్మ. అన్నదే గానీ వీధంతా చాటింపు వేసింది.

సోమవారం పదకొండుకు కుళాయిల ముందు బిందెలు బారులు తీరాయి. పదకొండు దాటి అయిదు నిమిషాలైంది. నీళ్లు లేవు. ఎవరో కిసుక్కున నవ్వారు. సుధారాణి ఫోనులో నీలి గళ్లు మళ్లీ లెక్కపెట్టింది.

కుళాయి బుస్సుమని గాలి వదిలింది. దగ్గింది. ఆపైన ధారగా దూకింది!

వీధి మొత్తం ఒక్కసారి కేక పెట్టింది. తాయమ్మ చెంబుడు నీళ్లు తీసి సుధారాణి నెత్తిన కుమ్మరించింది. ఇంకొకరు తాయమ్మ మీద పోశారు. నీళ్లు పట్టుకోవాల్సినవాళ్లు చల్లుకుంటూ కూర్చున్నారు.

ఊరి వీధులకు నీళ్లు వదిలే గోవిందన్న వాల్వు తిప్పి అటుగా వచ్చి నిలబడిపోయాడు. "నేనొస్తానని మీకెవరు సెప్పినారమ్మా?"

సుధారాణి తడి చేత్తోనే ఫోను చూపించింది. ఆయన నీలి మెట్ల మీద పైనుంచి కిందికి వేలు జరిపాడు.

"అవునప్పా! ఒకదినం యాడ ఆపితే, మర్సటి దినం ఆడ్నుంచే మొదలుపెడ్తా. అన్ని వీధులూ సుట్టేసరికి రెండు దినాల మీద రెండు గంటలైతాది, అట్ల జరుగుతా పోతాది. నాకే తెలీదు సూడు!" అని పగలబడి నవ్వాడు. "అన్ని వీధులకూ గీసియ్ తల్లీ. పోయిన ప్రతి సోటా తిట్లే నాకు."

"గీస్తా అన్నా, ఇప్పుడే!" అంటూ సుధారాణి జుట్టు నుంచి నీళ్లు కారుతుండగా ఇంట్లోకి పరుగెత్తింది.