ఎదమీద పెద్దమ్మ

రబ్బరు బద్దను రెండు చేతులా నొక్కిపట్టి క్లెమ్ తన వైపుకి లాగాడు. నల్ల ఇంకు అచ్చు ఫ్రేముకి బిగించిన జాలీబట్ట మీదుగా పాకి వచ్చింది. ఫ్రేము ఎత్తగానే ఎర్ర టీషర్టు మీద పెద్దమ్మ ముఖం తేలింది. వెడల్పు ముక్కు, లోతు కళ్ళు, ఎవరో అబద్ధమాడుతుంటే అప్పుడే పట్టుకున్నట్టుండే నవ్వు. కింద ఒకే వాక్యం: ‘మేమెప్పుడూ ఇక్కడే ఉన్నాం.’ ఆ టీషర్టు తీసి తీగ మీద ఆరేసి ఇంకొకటి పరిచాడు.

అరవై దాటిన మనిషి. ఒంట్లో సత్తువున్నన్నాళ్ళూ గొర్రెల షెడ్లలో కత్తిరించిన ఉన్ని ఊడ్చాడు. అక్కడ వంగిన నడుం మళ్ళీ పూర్తిగా లేవలేదు. ఆ తర్వాత ఊరి పాత ఉన్ని గొడౌనులో ఈ పని నేర్చుకున్నాడు. ఫుట్‌బాల్ జట్టు అంకెలు, బడి పిల్లల టోపీలు, హక్కుల ఊరేగింపులకి వేసుకునే బట్టలు, అన్నీ అతని చేతిమీదుగానే పోతాయి. ఎవరైనా బాగుందంటే “ఇంకు మంచిదిలే” అని తప్పించుకునే రకం.

ఎల్లుండి కోర్టు మా దగ్గరికే వస్తుంది. ఎండిన ఏటి ఇసకలో, చెట్ల నీడన కుర్చీలు వేస్తారు. తెల్లవాళ్ళు రాకముందునుంచీ ఈ నేల ఈ జనానిదేనని, మేం వేసిన దావా మీద తీర్పుని జడ్జీ పైకి చదువుతాడు. ఎప్పుడో ఆ దావా మీద సంతకాలు పెట్టిన ఏడుగురిలో ఆరుగురు పోయారు. మాలో మనిషి పోతే పేరు పలకం, ముఖం చూపించం. గోడమీది ఫొటోని గోడకేసి తిప్పేస్తాం. కాబట్టి ఆ ఆరుగురి ముఖాలూ వేయడానికి లేదు. కోర్టువాళ్ళు ఇన్నేళ్ళూ కాగితాలే చూశారు, ఒక్క ముఖమైనా చూడాలని క్లెమ్ పట్టుదల. మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. ఊరంతా సరేనంది. హడావుడిలో పెద్దమ్మని మాత్రం అడగలేదు.

తలుపు దగ్గర వెర్నా నిలబడింది. పెద్దమ్మ కూతురు. తల్లి అక్కచెల్లెళ్ళంతా మాకు తల్లులే కాబట్టి, క్లెమ్‌కి సొంత చెల్లెలి కిందే లెక్క.

“అన్నయ్యా, ఇంకా గీకుతూనే ఉన్నావా? నిన్నట్నుంచి అమ్మ టీ కూడా ముట్టలేదు. ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపింది ఎందుకో నీకు తెలీదా?”

“తెలుసు.”

“మరి ఎల్లుండిలోగా అమ్మ పోతే? ఇన్ని టీషర్టులూ పెట్టెలో పెట్టి మూత వేయడమేగా! బతికున్న మనిషి ముఖం వేసేటప్పుడు కాస్త బుర్ర ఉండక్కర్లా?”

క్లెమ్ రబ్బరు బద్ద పక్కన పెట్టాడు. రాత్రుళ్ళు అతన్ని నిద్రపోనివ్వనిది టీషర్టుల దిగులు కాదు. ఇవి పెద్దమ్మ కంటబడితే, తను పోకముందే తన ముఖం తీసేసుకున్నారని అనుకుంటుందేమోనని భయం. అమ్మ పోయాక అతన్ని సాకింది ఆవిడే. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి అడక్కుండా ఏదీ చేసింది లేదు.

చేతులు కడుక్కుని, ఆరిన టీషర్టు ఒకటి చంకలో పెట్టుకుని వెర్నా వెంట బయల్దేరాడు.

వసారాలో మంచం మీద పెద్దమ్మ ఏటివైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. కళ్ళు మాత్రం ఎప్పటి కళ్ళే.

“చంకలో ఏంట్రా అది? దొంగలా దాస్తావేం?”

క్లెమ్ విప్పి చూపించాడు. పెద్దమ్మ చాలాసేపు చూసింది.

“ముక్కు ఇంత పెద్దదేంట్రా! మీ అమ్మ ముక్కు తెచ్చి నాకు అతికించావు.”

“ఫొటోలో అలాగే ఉంది పెద్దమ్మా. నిన్ను అడక్కుండా వేశాను. నువ్వు... ఒకవేళ నువ్వు...”

“చచ్చిపోతే అంటావు, అంతేగా? అను. లేచి పారిపోయే ఓపిక నాకెక్కడిది?”

వెర్నా మొహం తిప్పుకుని నవ్వింది. క్లెమ్‌కి నవ్వు రాలేదు.

“ఫొటోని గోడకేసి తిప్పరూ? ఇదీ అంతే,” అంది పెద్దమ్మ. “తిరగేసి తొడుక్కోండి. నేను లోపలుంటాను. నీ అక్షరాలు మళ్ళీ బయట వేసుకో.”

“తిరగేసా?”

“ఏం, చేతకాదా? అప్పుడు బారులో ఎవడు తిరగేశాడు?”

క్లెమ్ చేతిలోని టీషర్టు కిందికి దించాడు. ఇరవై ఏళ్ళప్పుడు మా జెండా రంగుల టీషర్టు మొదటిసారి కొనుక్కుని, షెడ్డువాళ్ళతో బారుకి వెళ్ళాడు. అది విప్పితేనే పోస్తానన్నాడు తెల్ల బారువాడు. అందరూ చూస్తున్నారు. క్లెమ్ దొడ్డివైపుకి వెళ్ళి, టీషర్టు తిరగేసుకుని వచ్చి తాగాడు. ఆ గుక్క ఇప్పటికీ దిగలేదు. ఆనాటినుంచి ఊరందరి ఎదమీదా అక్షరాలు అచ్చువేస్తూ తను మాత్రం ఉత్త బూడిదరంగు చొక్కాల్లోనే తిరిగాడు. ఆ సంగతి ఎవరికీ తెలీదనుకున్నాడు.

“తెలుసా నీకు?”

“నాకు తెలీందేముందిరా? అప్పుడు వాడు తిప్పించాడు. ఇప్పుడు నేను తిప్పమంటున్నా. రెండూ ఒకటేనా?”

“కాదు పెద్దమ్మా.”

“లోపలుంటే నాకు ఎండ కూడా తగలదు. ఆ జడ్జీ ఎంతసేపు చదువుతాడో ఏమో. ఏదీ, ముందు నాకు తొడుగు.”

ఇద్దరూ కలిసి ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, టీషర్టు తిరగేసి తొడిగారు. మెడ కింద లేబులు బయటికొచ్చింది. పెద్దమ్మ ఎదమీద అరచెయ్యి వేసి, లోపలున్న తనని తాను తడుముకుంది. తర్వాత టీ అడిగింది. తియ్యటి డబ్బాపాలు దండిగా పోసి వెర్నా పరుగున తెచ్చింది. సగం తాగి, కాస్త ఒలకబోసుకుని, కళ్ళు మూసుకుంది.

“పోరా, పని చూసుకో. అక్షరాలు వంకర పోనీకు.”

గొడౌనుకి తిరిగొచ్చి క్లెమ్ టీషర్టులన్నీ తిరగేశాడు. ముఖం పడ్డచోట వెనకనుంచి నల్లటి నీడలాంటిది కనిపిస్తోంది, అదెవరో చెప్పలేం. దాని కింద అక్షరాలు మళ్ళీ వేస్తుంటే చేతులు వాటంతటవే నడిచాయి. ఈలవేస్తున్నానని కాసేపటిదాకా అతనికే తెలియలేదు. సాయంత్రానికి ఒకటి తీసి, బూడిదరంగు చొక్కా విప్పి తొడుక్కున్నాడు. ఎదకి ఇంకు చల్లగా తగిలింది.

ఎండ చెట్ల కొసలకి ఎక్కాక వెర్నా వచ్చింది. తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

“వెళ్ళిపోయింది అన్నయ్యా. నిద్దట్లోనే.”

పేరు పలకలేదు. క్లెమ్ బల్ల మీద కూర్చుండిపోయాడు. ఏడుపొచ్చింది. దాంతోపాటే గుండె మీదనుంచి బరువు దిగిపోయింది. రెండూ ఒకేసారి రావడం తప్పేమోననుకున్నాడు, కానీ తప్పనిపించలేదు. అడిగాడు, ఆవిడ చెప్పింది, ఆలస్యం కాలేదు.

నీళ్ళ గొట్టం పట్టి ఫ్రేములోని ముఖాన్ని కడిగేశాడు. నల్లనీళ్ళు ఎర్రమట్టిలోకి ఇంకిపోయాయి.

ఆవిడ ఒంటిమీదనుంచి తీసిన టీషర్టుని వెర్నా పట్టుకొచ్చింది. రేపు, పోయినవాళ్ళ వస్తువులన్నిటికీ వేసినట్టే ఆకుల పొగ వేసి, దాన్నీ సాగనంపాలి. ఈ ఒక్క పూటకీ దాన్ని తిరగేసినది తిరగేసినట్టే తీగ చివర వేలాడదీశారు. లేబులు గాలికి కొట్టుకుంటోంది. ఎదమీద ఒలికిన తియ్యటి టీ మరక దగ్గరికి ఒక చీమ అప్పుడే దారి కనుక్కుని వచ్చింది.