ఇరవై నాలుగేళ్ల బిడ్డ

వెర్లీన్ చేత ఏప్రన్ విప్పించారు, మా అందరి కళ్ళముందే.

భోజనాల బెల్లు ఇంకా కొట్టలేదు. కోత లైను మీదికి చేపలు వస్తూనే ఉన్నాయి. చేపను పట్టుకోవడం, వెన్నుముల్లుకు రెండు పక్కలా కత్తి దించడం, కండ తీసి బెల్టు మీద పడెయ్యడం, మళ్ళీ ఇంకో చేప. కాళ్ళకింద ఐసు నీళ్ళు. ఆ యంత్రాల రొదలో పక్కమనిషి మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అందుకే సూపర్‌వైజర్ హాస్కెల్ వచ్చి వెర్లీన్‌తో ఏమన్నాడో మొదట మాకు తెలియలేదు. సంగతేమంటే, ఆమె కూతురు లాట్రీస్ ఇంట్లో స్నానాల గదిలో జారి పడింది. పక్కింటామె పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆఫీసు ఆ కబురును తీరిగ్గా, పని ఒత్తిడి తగ్గాక పంపింది.

వెర్లీన్ గ్లవ్స్ తీసేసి, ఇంటికి పోయి వస్తానంది. హాస్కెల్ దారికి అడ్డం నిలబడ్డాడు. పోతే మళ్ళీ రానక్కర్లేదు, ఏప్రన్ ఇక్కడే ఇచ్చి పొమ్మన్నాడు. ఆమె వెనక్కి చేతులు పెట్టి ముడి వెతుక్కుంది. ఏళ్ళ తరబడి చేపలు కోసిన వేళ్ళవి, వాచిపోయి వంగవు. ముడి తడిసి బిగుసుకుపోయింది. అది ఊడేదాకా హాస్కెల్ చెయ్యి చాపుకుని నిలబడ్డాడు. ఆమె వెళ్ళిపోయింది. బెల్టు మాత్రం ఆగలేదు. ఆమె ముందుకు రావలసిన చేపలు కూడా నా ముందుకే వచ్చాయి.

మీరు కాలేజీ పిల్లలు, ఇంతదూరం వచ్చి మా సమ్మె ఎలా మొదలైందని అడుగుతున్నారు. అదిగో, అలా మొదలైంది. మీరు పేపర్లలో చదివినట్టు జీతాల కోసం కాదు. నా పేరు క్లాడీన్. వెర్లీన్ పక్కన నిలబడి చేపలు కోసినదాన్ని. మిసిసిపీలో మా డెల్టా ఊళ్ళలో ఆడవాళ్ళకు దొరికేది ఈ పనే. మా అమ్మలు పత్తి ఏరారు, మేము చేపలు కోస్తున్నాం. ఆ పత్తి నేల తెల్లవాళ్ళదే, ఈ చేపల చెరువులూ వాళ్ళవే.

లాట్రీస్‌కు పుట్టినప్పటి నుంచీ సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. మా నల్లవాళ్ళలో తరతరాలుగా వస్తున్నదే. నొప్పి వచ్చినప్పుడు ఆ పిల్ల పళ్ళు బిగబట్టి గోడవైపు తిరిగి పడుకునేది. తగ్గగానే లేచి నవ్వుతూ బడి వంటశాలకు పనికి పోయేది. పిల్లలకు అన్నాలు వడ్డించేది. ఎవడైనా కూర వద్దంటే వాడి పళ్ళెంలో రెండు గరిటెలు వేసేది. తన సంపాదన తనది, తన గది తనది. మొన్న వేసవి చివర ఒకనాడు వంటశాలలోనే కూలిపోయింది. మెదడుకు పోయే రక్తం ఆగిపోయిందన్నారు. బతికింది. కానీ కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. అన్నం నోటిదాకా తెచ్చుకోలేదు. బట్ట తొడుక్కోలేదు. మాట అర్థమవుతుంది, తిరిగి చెప్పలేదు.

అప్పుడు వెర్లీన్ ఆఫీసుకు వెళ్ళింది. బిడ్డ జబ్బుపడితే తల్లికి సెలవిచ్చే చట్టం ఉందట. జీతం రాదు, ఉద్యోగం మాత్రం ఉంటుంది. అదే అడిగింది. ఆఫీసులో ఉండే మిస్ ప్రూయిట్ వయసులో వెర్లీన్ కూతురంత ఉంటుంది. ఆమెను మేము ‘మిస్’ అనాలి, ఆమె మమ్మల్ని పేరుపెట్టి పిలుస్తుంది. ఆమె నవ్వు చెరక్కుండానే చెప్పింది.

“ఇరవై నాలుగేళ్ల మనిషి బిడ్డెట్లా అవుతుంది వెర్లీన్? పద్దెనిమిది దాటితే పెద్దవాళ్ళే. నీకు సెలవు రాదు.”

డాక్టరు రాసిచ్చింది చూపించినా ఆ మాటే. ఇక వెర్లీన్ తన చెల్లెల్నీ, పక్కింటామెనూ, చర్చి ఆడవాళ్ళనూ బతిమాలుకుంటూ నెట్టుకొచ్చింది. అందరికీ వాళ్ళ వాళ్ళ పనులున్నాయి. ఎవరూ రాని రోజు మానేసింది. మానేసిన ప్రతిసారీ ఆమె మీద ఒక తప్పు రాశారు. ఆ పడ్డరోజున పక్కింటామె బజారుకు వెళ్ళి వచ్చేసరికి లాట్రీస్ చల్లటి నేలమీద పడి ఉంది, అరవడానికి నోరు లేక.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక మౌంట్ నీబో చర్చి వెనక గదిలో కూర్చున్నాం. పిలిచింది మిస్ ఆర్డెల్. మాలో అందరికంటే పెద్దది, ఈమెను ‘మిస్’ అనేది మాత్రం మా ఇష్టంతోనే. వెనకటి సమ్మెలో గేటు దగ్గర తన్నులు తిన్న మనిషి. ఆనాటి యూనియన్ ఇప్పుడు పేరుకే ఉంది. మెంఫిస్ నగరంలోని యూనియన్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నానని చెప్పింది. పిల్ల ఎంత పెద్దదైనా, తన పని తాను చేసుకోలేని స్థితిలో ఉంటే తల్లికి సెలవు ఇవ్వాల్సిందేనని చట్టంలోనే ఉందట. మరి ప్రభుత్వానికి ఫిర్యాదు చేద్దామన్నారు కొందరు. చెయ్యొచ్చు, జవాబు వచ్చేసరికి ఏడాది పడుతుందని కూడా ఆ యూనియన్‌వాళ్ళే చెప్పారట.

అయితే పని ఆపెయ్యడమే దారి అన్నారెవరో. మొక్కజొన్న రొట్టె తునకలు ప్లేట్లలో అలాగే ఉన్నాయి. అప్పుడు రోషెల్ లేచింది. మాలో చిన్నది, నోరు పెద్దది. తనకు ఇద్దరు పిల్లలు, మొగుడు జైల్లో. ఆమె మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

“మా నాన్న పోయే పొద్దున నేను చేపలు కోస్తున్నా. నాకెవడు సెలవిచ్చాడు? మీరెవరైనా కత్తి కిందపెట్టారా? ఇప్పుడు వెర్లీన్ కోసం నా పిల్లల నోట్లో మన్నుకొట్టమంటారా?”

“ఎవరూ పెట్టలేదు. ఆ పొద్దున పెట్టాల్సింది. నువ్వన్నది నిజమే,” అంది మిస్ ఆర్డెల్. అంతకుమించి ఆమెను సముదాయించలేదు.

ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు మొదలుపెట్టారు. తమ్ముడికి మూత్రపిండాలు పాడైతే ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు లేక పోగొట్టుకున్నామె. మతి చలించిన కొడుకును గదిలో పెట్టి తాళం వేసుకుని పనికి వస్తున్నామె. ఆ తాళం సంగతి ఆమె అంతకుముందు కన్నతల్లికి కూడా చెప్పుకోలేదట. ఇన్నేళ్ళు భుజాలు రాసుకుంటూ ఒకే లైనులో నిలబడ్డాం, ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు. రొదలో మాట్లాడుకునే వీలేదీ? ఆ గదిలో ఎవరూ పెద్దగా ఏడవలేదు. అందరం అలసిపోయి ఉన్నాం. కానీ గది దాటి వచ్చేటప్పుడు ఒక మాట అనుకున్నాం: వెర్లీన్‌ను సెలవు మీద తిరిగి తీసుకునేదాకా కత్తి పట్టొద్దు. రోషెల్ మాత్రం ఏ మాటా ఇవ్వకుండా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది.

చేపలను చంపే వైపు పనిచేసేవాళ్ళు గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళు. మేము ఆగితే మా చోట వాళ్ళను నిలబెడతారని మాకు తెలుసు. వాళ్ళంటే మాలో కొందరికి మంట కూడా. మిస్ ఆర్డెల్ నన్ను వెంటేసుకుని వాళ్ళుండే రేకు ట్రైలర్ ఇళ్ళకు పోయింది. యూసేబియో అనే అతను గుమ్మంలో నిలబడే విన్నాడు, లోపలికి రమ్మనలేదు. వాళ్ళకు పోలీసులంటే మాకున్న భయం కాదు, సరిహద్దు దాటించి దేశం నుంచి పంపేస్తారన్న భయం. చివరకు మాకు కాఫీ పోసి, అతనికి వచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. జెండాలు పట్టుకుని గేటు దగ్గరికి రాలేమనీ, కానీ మా కత్తులు మాత్రం తాము పట్టమనీ. “కూతురికి మనవలు పుట్టినా అమ్మకు కూతురే కదమ్మా. ఇది కూడా తెలీదా ఆఫీసోళ్ళకి?” అన్నాడు.

మర్నాడు వెర్లీన్ ఇంటికి వెళ్ళాం. లాట్రీస్ వంటింటి బల్ల దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. వెర్లీన్ చెంచాతో మొక్కజొన్న జావ పెడుతోంది. గేటు దగ్గరికి లాట్రీస్‌ను తీసుకొస్తే టీవీవాళ్ళు వస్తారు, ఆఫీసువాళ్ళకు సిగ్గేస్తుంది అని మాలో ఎవరో అన్నారు. వెర్లీన్ చెంచా గిన్నెలో పెట్టింది.

“నా బిడ్డను వాకిట్లో పెట్టి అడుక్కోను. అవసరమైతే నేనొక్కదాన్నే వచ్చి నిలబడతా. దాన్ని మాత్రం తీసుకురాను.”

ఆమె మాట న్యాయంగానే తోచింది. మేము లేవబోతున్నాం. లాట్రీస్ ఎడమచేత్తో బల్ల మీద కొట్టింది. గిన్నె ఎగిరిపడింది. ఆ పిల్ల తల్లిని చూస్తూ నోరు తెరిచింది, మాట రాలేదు. మెడనరాలు బిగుసుకున్నాయి. మళ్ళీ తెరిచింది.

“నే... ను,” అంది. తన రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. “నేను.”

అంతే వచ్చింది. జావ చుక్క గడ్డం మీంచి కారుతోంది. వెర్లీన్ తుడవబోయి ఆగింది. చాలాసేపు కూతురి ముఖంలోకి చూసింది. ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళు. తాను ఎక్కడికి పోవాలో, ఎవరి ముందు నిలబడాలో తేల్చుకునే వయసు. ఆ పని మాత్రం ఎవరి సాయమూ లేకుండా చేసుకోగలదు. వెర్లీన్ చివరకు, “సరేనే తల్లీ. నీ ఇష్టం,” అని గడ్డం తుడిచింది.

మంగళవారం పొద్దున మేము కత్తులు బల్లల మీద పెట్టి చేతులు కట్టుకున్నాం. మొదట చేపలు మా ముందు గుట్టపడ్డాయి, తర్వాత కిందికి జారాయి. హాస్కెల్ అరిచాడు, బెదిరించాడు, ఒక్కొక్కరి పేరుపెట్టి పిల్లల సంగతి గుర్తుచేశాడు. చంపేవైపు వాళ్ళను రమ్మన్నాడు. యూసేబియో తల వంచుకుని నిలబడ్డాడు, కదల్లేదు. అతని వెనకవాళ్ళూ కదల్లేదు. ఎవరో మీట నొక్కారు. బెల్టు ఆగింది. ఆ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు. రోషెల్ తన కత్తిని చేతిలోనే పట్టుకుని నేల చూస్తూ నిలబడి ఉంది. కోయలేదు, కింద పెట్టనూ లేదు.

మేము బారులుగా గేటు బయటికి వచ్చేసరికి వెర్లీన్ కూతురి కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. కుర్చీ చక్రాలు గేటు ముందున్న హద్దు గీత దాటి కంపెనీ నేల మీదికి వచ్చాయని హాస్కెల్ పోలీసులకు ఫోన్ చేశాడు. షెరీఫ్ పంపిన పోలీసులు ఇద్దరు వచ్చారు. ఉద్యోగం తీసేసిన మనిషి కంపెనీ నేల మీద అడుగుపెట్టింది గనక నేరమన్నారు. వెర్లీన్ గీత వెనక్కి జరగలేదు. వాళ్ళు ఆమె చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేశారు. ఆ వాచిన మణికట్ల మీద అవి మూసుకోవడానికి రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. లాట్రీస్ గొంతులోంచి వచ్చిన శబ్దం మాట కాదు, ఏడుపూ కాదు.

వెర్లీన్‌ను కారులో కూర్చోబెట్టాక ఆ ఇద్దరిలో చిన్నవాడైన పోలీసు వెనక్కి తిరిగి కుర్చీని చూశాడు. ఏం చెయ్యాలో తోచక టోపీ సర్దుకున్నాడు. హాస్కెల్ పక్కనే ఉన్నాడు.

“ఈ పిల్లనిట్లా ఒంటరిగా వదిలేసి పోకూడదు,” అన్నాడు ఆ పోలీసు మాతో. “ఈమె తన పని తాను చేసుకోలేదు. ఎవరో ఒకరు పని మానుకుని దగ్గరుండి చూసుకోవాలి.”

మేమంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం.

“అదే కదా నాయనా, ఆమె ఆఫీసులో మొత్తుకున్నదీ,” అంది మిస్ ఆర్డెల్. “నువ్వు చూడగానే చెప్పావు. వీళ్ళకు కళ్ళు లేకపోయాయి.”

ఎవరో నవ్వారు. అలసిపోయిన నవ్వు అది, కానీ బారు పొడవునా పాకింది. హాస్కెల్ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాట ఫోనుల్లో తీసినవాళ్ళున్నారు. సాయంత్రానికి టీవీలో వచ్చింది. వెర్లీన్ జైల్లో ఉన్నంతసేపూ మేము వంతులు వేసుకుని లాట్రీస్‌కు తినిపించాం, ఒళ్ళు తుడిచాం, జడ వేశాం. ఎవరూ లోపలికి వెళ్ళి కత్తి పట్టలేదు. చేపల లారీలు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగాయి.

వారం గడవకముందే కంపెనీ దిగొచ్చింది. వెర్లీన్ మీద కేసు వెనక్కి తీసుకుంది. పనిలోకి తిరిగి తీసుకుని సెలవు ఇచ్చింది. జీతం లేని సెలవు. ఆ మాత్రానికే ఇంత పోరాటమా అంటారేమో. అవును, ఆ మాత్రానికే. వెర్లీన్ ఇంటి అద్దెకు చర్చిలో చందాల పళ్ళెం తిప్పుతున్నాం. సంబరాలేమీ చేసుకోలేదు. ఇళ్ళకు పోయి పడుకున్నాం.

సోమవారం పొద్దున వాన. గేటు దగ్గర మిస్ ఆర్డెల్ కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. హాస్కెల్ గొడుగు కింద నిలబడి, పనిలో నిదానం ఎక్కువైందని ఆమెను తీసేశామని చెప్పాడు. మిగతావాళ్ళంతా లోపలికి రావచ్చన్నాడు, తలుపు పట్టుకుని మరీ పిలిచాడు. మిస్ ఆర్డెల్ అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా గేటు ముందు సిమెంటు మీద కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. కొందరు కూర్చున్నారు, కొందరు తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు. మళ్ళీ మొదటికొచ్చిందే, నాకింక ఓపిక లేదే క్లాడీన్, అని నా వెనక ఎవరో గొణిగారు. నాకూ లేదు.

రోషెల్ తలుపు దాకా వెళ్ళింది. హాస్కెల్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె అక్కడ ఆగి, అతన్ని కాసేపు చూసి, వెనక్కి వచ్చి నా ముందు నిలబడింది. వానకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది.

“ఓపిక నాకూ లేదే,” అంది. “కాస్త జరుగు.”

జరిగాను. కూర్చుంది. ఆమె వెనక నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే తడి నేల మీద కూర్చున్నారు. హాస్కెల్ తలుపు పట్టుకునే ఉన్నాడు. లోపలికి పోయేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.