మంద వెంట ఇరిడియం

గుట్ట మీద రేడియేషన్ మీటరు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

“ఇక్కడ లేదు ఫరూఖ్! కంప్యూటరేమో ఇక్కడే ఉందంటోంది!” నందిని టోపీ తీసి నేలకేసి కొట్టింది.

పైపుల అతుకులు పరీక్షించే కంపెనీ వాళ్ళు మూడు రోజుల క్రితం పులివెందుల, జమ్మలమడుగుల మధ్య రేడియేషన్ చిమ్మే ఇరిడియం ముక్క ఒకటి జారవిడిచారు. వేలెడంత మెరిసే ఉక్కు తీగ, దాని కొసన బియ్యపు గింజంత విషం. ఎవరైనా ఏరుకుని జేబులో వేసుకుంటే ఒక్క పూటలో తొడ మాంసం కాలిపోతుంది. నాలుగు రోజులు అక్కడే ఉంచుకుంటే మనిషి దక్కడు. దాన్ని వెతకడానికి వచ్చిన అణుధార్మిక భద్రతా అధికారి నందిని. జీపు నడిపేది ప్రొద్దుటూరు ఫరూఖ్.

జీపు పైన మీటరు, లోపల ల్యాప్‌టాప్. తెర మీద మ్యాపు నిండా పదివేల చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో ఊహ: ముక్క ఇక్కడ ఉందేమో. కొత్త కొలత వచ్చినప్పుడల్లా దానితో పొసగని చుక్కలు చచ్చిపోతాయి, పొసగేవి పెరుగుతాయి. చివరికి అన్నీ ఒక్కచోట గుమిగూడాలి. గుమిగూడాయి కూడా. ఖాళీ గుట్ట మీద!

“మొన్న తెల్లారి చీకట్లో పోతుంటే ఆ పక్క చేలో కూసింది. నిన్న తెల్లారి ఈ పక్క చేలో కూసింది. ఈ పొద్దు రెండుచోట్లా గమ్మునుంది,” అన్నాడు ఫరూఖ్. “మీ కంప్యూటరు రెండిటికీ నడిమధ్యన పెట్టింది మేడం. మా మామ పంచాయితీ చెప్పినట్టు!”

నవ్వబోయి నందిని ఆగిపోయింది. గుట్ట దిగి నిన్నటి చేనుకు పరిగెత్తింది. ఆ చేను నాగలతది. ఆమె గట్టు మీదే ఉంది.

“నిన్న తెల్లారేసరికి నీ చేలోకి ఎవరొచ్చారక్కా?”

“ఎవరొస్తారమ్మా? ఎరువు కోసరం గొర్రెలు కాసే సుబ్బరాయుడు మొన్న రాత్రి మంద నిలిపినాడు. ముందు రోజు మా బావోళ్ళ చేలో నిలిపినాడు. అదో, ఆడ.”

మొన్న మీటరు కూసిన చేనే!

“ముక్క కదులుతోంది ఫరూఖ్! నేను కదలదనుకుని లెక్క కట్టాను!”

లెక్క మార్చింది. ప్రతి చుక్కా గొర్రె నడిచే వేగంతో నడవాలి. పాత కొలతలన్నీ మళ్ళీ పోసింది. చుక్కలు చెదిరాయి, ఒక చేను దాటాయి, రెండో చేను దాటాయి, కొండాపురం వైపు వాగు పక్కనున్న చీనీ బత్తాయి తోట దగ్గర ముద్దయ్యాయి.

“పోనియ్!”

వాగు కనబడకముందే మీటరు కూత పెట్టింది. రెండొందల గొర్రెలు. వాటి ముందు గంట కట్టిన పొట్టేలు. గంట పక్కన ఏదో తళుక్కుమంది. పొట్టేలుకు ఇరవై అడుగుల ముందు సుబ్బరాయుడు.

“ఆ మెరిసేది ఎక్కడిది మామా?” దూరం నుంచే అరిచింది నందిని.

“దోవలో దొరికింది. దిష్టికి కట్టినా. బాగుండాదా?”

“అది విషం! పొట్టేలుకు దూరంగా పరిగెత్తు!”

సుబ్బరాయుడు పరిగెత్తాడు. పొట్టేలూ పరిగెత్తింది. పిల్లగా ఉన్నప్పటి నుంచీ అతని వెనకే నడవడం నేర్చిన పొట్టేలు అది.

“తోలు మామా దాన్ని!”

“యాడ తోలేది? నేను ఉరికితే అదీ ఉరుకుతాది! నేనే నేర్పినా గదమ్మా!”

ఇరవై అడుగులు పదయ్యాయి. పది అయిదయ్యాయి. మీటరు గుక్క తిప్పుకోవడం లేదు.

“తోటలోకి దూరప్పా!” ఫరూఖ్ తోట తడిక తెరిచి పట్టుకున్నాడు. సుబ్బరాయుడు లోపలికి దూకాడు. తడిక దబ్బున మూసి గొళ్ళెం వేసి, ఫరూఖ్ కూడా తోటలోకి లగెత్తాడు. పొట్టేలు తడికను కొమ్ములతో కుమ్ముతూ అక్కడే నిలబడిపోయింది.

నందినికి కావలసింది అదే. కొసన కత్తెర ఉన్న రెండు మీటర్ల పట్టకారు చాపి, ముక్కను కట్టిన తాడు కత్తిరించింది. ముక్క మట్టిలో పడింది. పట్టకారుతోనే ఎత్తి సీసపు డబ్బాలో వేసి మూత బిగించింది. మీటరు గమ్మునైపోయింది. మొత్తం పన్నెండు సెకన్లు!

“కట్టేటప్పుడు ఎంతసేపు పట్టుకున్నావు మామా?”

“చిటికెలో ముడేసినా.”

“రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటావు?”

“మంద ఆ కొసన. పొట్టేలుకు శానా దూరం.”

నందిని ఊపిరి పీల్చుకుంది. అతని చెయ్యి తిప్పి చూసింది. రెండు వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“జీపెక్కు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయించాలి.”

“నా చేతి యేళ్ళు పోతాయా?”

“తోలు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. నువ్వు మాత్రం బతుకుతావు మామా!”

పొట్టేలునూ మందనూ తోటవాళ్ళకు అప్పగించి సుబ్బరాయుడు జీపు ఎక్కాడు. ఫరూఖ్ గేరు వేశాడు.